సగం టైలరు

ఎదుటివాళ్ళ చేతిలో తినేది ఏదైనా కనిపిస్తే అందులో సగం అడగకుండా ఉండలేకపోవడం ఒక్కటే మామయ్యకున్న జబ్బు. మిగతా విషయాల్లో ఆయన అందరు టైలర్లలాంటి టైలరే. కత్తెర పడితే గీత తప్పడు, ఇస్తానన్న రోజుకి బట్టలివ్వడు, గట్టిగా నిలదీస్తే "గుండీలు కుట్టడం ఒక్కటే మిగిలింది" అంటాడు. ఇవన్నీ లోకం క్షమించేసిన గుణాలు. కానీ ఎవరైనా అరటిపండు ఒలుచుకుంటూ ఆయన కొట్టు ముందు నుంచి నడిచారో, ఇక అంతే సంగతులు. మిషను ఆగుతుంది, కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుంది, చెయ్యి వీధిలోకి వస్తుంది.

"సగం ఇటు పడెయ్యవయ్యా."

పిల్లా పెద్దా తేడా లేదు, తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అన్న పట్టింపు లేదు. ఒకసారి దగ్గుతూ వచ్చిన మనిషి జేబులోంచి దగ్గు బిళ్ళ తీస్తే అందులోనూ సగం అడిగాడు. పాపం ఆ మనిషి అప్పటికే నోట్లో వేసేసుకున్నాడు కాబట్టి పోనీలే అని వదిలేశాడు. "అడగనిదే అమ్మయినా పెట్టదు. అడిగితే పోయేదేముంది?" అన్నది ఆయన సిద్ధాంతం. "పరువు" అని లోపలి నుంచి అత్తయ్య జవాబు చెబుతుంది. "అది నీ దగ్గర ఉందిగా, ఇద్దరికీ సరిపోతుందిలే" అని మామయ్య మళ్ళీ మిషను తొక్కుతాడు. వీధిలో ఆయన్ని సగం టైలరంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, సగమే కుట్టి పంపిస్తాడేమోనని కాసేపు గుమ్మంలోనే తచ్చాడతారు.

ఆయన కోడలికి ఈ సంగతి పెళ్ళికి ముందే తెలుసు. మామయ్య మొదటిసారి వాళ్ళింటికి వచ్చిన రోజున, ముందు గదిలో ఎవరున్నారో తెలియక ఆమె ఆపిల్ కొరుక్కుంటూ బయటికొచ్చింది. పెద్దవాళ్ళంతా బిగుసుకుపోయి కూర్చున్నారు. ఆమె వెనక్కి తిరిగేలోపే "ఏమ్మా, సగం ఇస్తావా?" అని వినిపించింది. కొరికిన పక్కని తను ఉంచుకుని కొరకని పక్కని కోసిచ్చింది. మామయ్య తిన్నాడు, ఆలోచించాడు, తీర్పు చెప్పాడు. "పండు పులుపు. పిల్ల మంచిది." అలా కుదిరింది ఆ సంబంధం.

కోడలు ఒంటరిగా రాలేదు, కుక్కతో వచ్చింది. తెల్లటి బొచ్చు, ఆ బొచ్చులో ఎక్కడో రెండు నల్లటి కళ్ళు, ఇంకెక్కడో తోక. పుట్టింట్లో దానికి నోరు తిరగని గొప్ప పేరొకటి ఉండేది. మామయ్య దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, గుండ్రంగా ఉంది, ఎక్కడ పడితే అక్కడ ఊడి పడుతోంది, దీని పేరు గుండీ అన్నాడు. మూడో రోజుకల్లా కుక్క కూడా పాత పేరుకి పలకడం మానేసింది.

కింద కొట్టు, పైన ఇల్లు, మధ్యలో ఇరుకు మెట్లు. కొడుకు బస్సు డ్రైవరు, తెల్లారకముందే పోతాడు. కోడలు కళ్ళజోళ్ళ కొట్లో పని చేస్తుంది. రోజంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, గోడ మీద అక్షరాలు చదివిస్తుంది. కాబట్టి పగలంతా గుండీ మామయ్య దగ్గరే ఉండేది. బట్టలు కత్తిరించే పెద్ద బల్ల మీద, గుడ్డల కుప్పలో, మహారాణిలా పడుకుని వచ్చేపోయేవాళ్ళని చూసి మొరిగేది.

ఒక సాయంత్రం వీధిలో పిల్లి కనిపించింది. గుండీ బల్ల మీద నుంచి ఒక్క దూకు దూకి, కుయ్యోమంది. ఆ తర్వాత నుంచి దాని నడక మారిపోయింది. బాగానే నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి వెనక కాలొకటి ఎత్తేస్తుంది, మూడు కాళ్ళ మీద గెంతుతుంది, ఆ కాలిని ఒకసారి విదిలిస్తుంది, ఏమీ జరగనట్టు మళ్ళీ నాలుగు కాళ్ళ మీద పోతుంది. మామయ్య అది కొత్త నడక నేర్చుకుందనుకుని రెండు రోజులు మెచ్చుకున్నాడు కూడా. కోడలు మాత్రం భయపడి, మామయ్యని వెంటబెట్టుకుని దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ గుండీ కాలిని మడిచింది, చాపింది, మోకాలి దగ్గర బొటనవేలితో నొక్కింది. "మోకాలి చిప్ప ఉండాల్సిన గాడిలో ఉండటం లేదు. పక్కకి జారుతోంది. చిన్న జాతి కుక్కలకి ఇది మామూలే."

"మిషను చక్రం మీద నుంచి బెల్టు జారినట్టా?" అన్నాడు మామయ్య.

"అచ్చం అంతే. ఇక మీదట దూకడం వద్దు, మెట్లు వద్దు, నున్నటి గచ్చు మీద నడవడం వద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఇది ఏడు కిలోలుంది. ఐదు దాటకూడదు. మూడు నెలలు చూద్దాం. బరువు తగ్గితే ఆపరేషన్ లేకుండా గడిచిపోవచ్చు. తగ్గకపోతే కొయ్యక తప్పదు." కోడలి మొహం చూసి, గొంతు తగ్గించింది. "నిజం చెప్పాలంటే కొయ్యడం నాకూ ఇష్టం లేదమ్మా. వయసు మీద పడింది, గుండె చప్పుడు నాకు నచ్చలేదు. మత్తులో పడుకోబెట్టాక లేస్తుందో లేదో గట్టిగా చెప్పలేను."

ఆ మాటతో కోడలి ప్రాణం సగం అక్కడే పోయింది. డిగ్రీ తప్పిన ఏడాది, ఇంట్లో ఎవరూ ఆమెతో సరిగ్గా మాట్లాడని రోజుల్లో, ఒళ్ళో కూర్చుని మొహం నాకింది ఆ కుక్క ఒక్కటే. దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, లేస్తుందో లేదో తెలియకుండా బయట బెంచీ మీద కూర్చోవడం తన వల్ల కాదనుకుంది.

ఇంటికొచ్చాక అందరినీ నిలబెట్టి శాసనాలు జారీ చేసింది. తను గిన్నెతో కొలిచి పెట్టిందే తిండి, ఇంకెవరూ మెతుకు కూడా పెట్టకూడదు. అందరూ తలలూపారు. తలలూపడంలో ఆ ఇంటికి సాటి లేదు.

"మామయ్యా, మీకే ప్రత్యేకంగా చెబుతున్నాను. పగలంతా మీ దగ్గరే ఉంటుంది."

"నేను పెట్టడమా? నా నోటికే చాలడం లేదమ్మా" అన్నాడు మామయ్య. ఆ మాటలో అబద్ధమేమీ కనబడలేదు కోడలికి.

మామయ్య తన వంతు పని తను చేశాడు. కొట్లో మిగిలిన గుడ్డ ముక్కలన్నీ కలిపి కుట్టి నేలంతా పరిచాడు, గుండీ కాలు జారకుండా. దాని కాలు జారలేదు గానీ, అంచులు తట్టుకుని ఖాతాదారులు వరసగా బోర్లా పడ్డారు. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకాయన మోకాలు చెక్కుకుపోయి, కొలతలు ఇవ్వకుండానే వెళ్ళిపోయాడు. మెట్లెక్కించడానికి పాత పరదా గుడ్డతో ఒక జోలె కుట్టాడు. దాన్ని మెళ్ళో వేసుకుని, గుండీని అందులో కూర్చోబెట్టుకుని, పగలు మిషను తొక్కేటప్పుడు కూడా తియ్యడం మానేశాడు. ఖాతాదారుడి ఛాతీ కొలుస్తుంటే జోలెలోంచి ఒక బొచ్చు తల లేచి ఆ ఛాతీని వాసన చూసేది.

ఇక బరువు చూడటం. ఆసుపత్రి ఊరికి ఆ చివర ఉంది, వారం వారం పోవడం కుదరదు. ఇంట్లో మనుషులు ఎక్కే బరువు మిషను ఉంది గానీ గుండీ దాని మీద నిలబడదు, ముల్లు పూనకం వచ్చినట్టు ఊగుతుంది. ఎత్తుకుంటే కదలకుండా ఉండేది మామయ్య చేతుల్లోనే. అందుకని ప్రతి ఆదివారం మామయ్య కుక్కనెత్తుకుని మిషనెక్కేవాడు, కొడుకు కింద గొంతు కూర్చుని ముల్లు చూసేవాడు, వచ్చినదాంట్లోంచి మామయ్య బరువు తీసేసేవారు.

"మీ బరువెంత మామయ్యా?"

"డెబ్బై. పెళ్ళినాడు ఎంతో ఇవాళా అంతే. కావాలంటే మీ అత్తయ్యని అడుగు."

"ఆగిపోయిన గడియారం కూడా అలాగే చెబుతుంది, ఎప్పుడూ ఒకటే టైము" అంది అత్తయ్య.

మొదటి ఆదివారం ముల్లు డెబ్బై ఏడు చూపించింది. డెబ్బై పోతే ఏడు. ఆసుపత్రి లెక్కతో అచ్చంగా సరిపోయింది. ఇక ఆ లెక్కని శంకించేవాడెవడు?

నెల తిరిగేసరికి గుండీ ఏడున్నరకి చేరింది. కోడలు నమ్మలేక మళ్ళీ చూడమంది. మళ్ళీ అంతే వచ్చింది. గిన్నె మార్చి ఇంకాస్త చిన్న గిన్నె పెట్టింది. ఇంకో రెండు వారాలకి ఎనిమిది. చేత్తో తడిమితే పక్కటెముకలు తగులుతున్నట్టే ఉంది, కానీ అంత బొచ్చులో ఏది ఎముకో ఏది చిక్కో ఎవరికి తెలుస్తుంది? పది మంది కళ్ళు పరీక్షించే పిల్ల తన కళ్ళని నమ్మక ముల్లునే నమ్మింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మామయ్య జబ్బు హద్దులు దాటింది. అంతకుముందు మనుషుల తిండితో సరిపెట్టుకునేవాడు. ఇప్పుడు కుక్క తిండి మీద పడ్డాడు.

వెనక వీధిలో కర్ర తాతగారని ఒక పెద్దాయన ఉన్నాడు. భార్య పోయాక ఆయనకి మాట్లాడే దిక్కు లేదు. రోజూ పదింటికి కర్ర పోటేసుకుంటూ కొట్టుకి వచ్చేవాడు, చొక్కా జేబులో గుండీ కోసం ఎముక ఆకారంలో ఒక బిస్కెట్టు పెట్టుకుని. ఆయన వంగి అది అందించబోయేసరికి మధ్యలో మామయ్య చెయ్యి వచ్చింది.

"ఇటివ్వండి."

"ఇది కుక్కలదయ్యా."

"బిస్కెట్టే కదా?"

తాతగారు నోరు తెరిచి చూస్తుండగానే మామయ్య దాన్ని కరకరా నమిలేశాడు. జోలెలోంచి గుండీ ఆయన గడ్డం కదలికని కింద నుంచి పైకి గమనించింది. మర్నాడూ అదే తంతు, ఆ మర్నాడూ అదే. తాతగారు మామయ్యని తిట్టడానికే కాస్త ముందుగా రావడం మొదలుపెట్టాడు.

పక్క కొట్లో బేకరీ పిన్ని గుండీకని ప్రత్యేకంగా ఒక బన్ను పక్కన పెట్టేది. అది గుమ్మం దాటి లోపలికి రాకముందే మామయ్య నోట్లోకి పోయేది. "అన్నయ్యగారూ, మూగజీవి నోటి దగ్గరిది లాక్కుంటే ఏం పుణ్యమండీ?" అని పిన్ని మొత్తుకునేది. "పుణ్యం సంగతి తర్వాత, బన్ను బావుంది" అనేవాడు. ఇంట్లోనూ ఇంతే. అత్తయ్య వంటింట్లో చేతిలో ఏ ముక్క పట్టుకున్నా వెనక ప్రత్యక్షమయ్యేవాడు. కొడుకు బ్రెడ్డు అంచులు తుంపుతుంటే పళ్ళెం ముందుకు జరిపేవాడు. పొద్దున్నే కోడలు ఉడికించిన గుడ్డు తింటూ ఆఖరి ముక్క వేళ్ళ మధ్య పట్టుకునే వేళకి, కింద గుండీ, ఎదురుగా మామయ్య, ఇద్దరి కళ్ళూ ఆ ముక్క మీదే ఉండేవి.

"అమ్మాయ్, అది ఇటు."

మొదట్లో నవ్వుకునేది. తర్వాత్తర్వాత ఒళ్ళు మండేది. ఇంత వయసొచ్చిన మనిషి, కోడలి చేతిలో గుడ్డు ముక్క కూడా వదలడా అనుకునేది. వీధిలో సంగతి చెప్పనే అక్కర్లేదు. సగం టైలరు కాస్తా మొత్తం టైలరయ్యాడని చెప్పుకున్నారు. "నేను అన్నం పెట్టడం లేదనుకుంటున్నారు జనం" అని అత్తయ్య మొహం చాటేసుకుని తిరిగింది.

ఒక రోజు గుండీ బొచ్చు దువ్వుతుంటే దువ్వెనకి కేకు పొడి తగిలింది. కోడలు ఇంకాస్త లోపల దువ్వింది. బిస్కెట్టు పొడి, బన్ను మీది నువ్వులు, ఒక గుడ్డు పెంకు ముక్క. అప్పుడు లెక్క తేలిందనుకుంది. లాక్కున్నది ఆయనొక్కడే తినడం లేదు. సగం ఆయనకి, సగం దానికి. కంచే చేను మేస్తుంటే తను ఎన్ని గిన్నెలు మారిస్తే ఏం లాభం?

కొట్లోకి దిగింది. "మామయ్యా, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి."

"ఏమనుకోకండి అన్నావంటే ఏదో అనుకోవలసిందే ఉందన్నమాట. అడుగు."

"దీనికి మీరేమైనా పెడుతున్నారా?"

"లేదమ్మా."

"మరి బొచ్చులో కేకెక్కడిది?"

"నా మీసాల నుంచి రాలి ఉంటుంది. జోలె కిందే ఉంటుందిగా."

"రోజూ రాలుతుందా?"

"రోజూ తింటున్నానుగా."

కోడలికి కోపం ఆగలేదు. "మీకు నోటి రుచే ముఖ్యమైపోయింది మామయ్యా. రేపు దాన్ని పడుకోబెట్టాక అది లేవకపోతే, అప్పుడు ఎవరి చేతిలోది అడుగుతారు?"

మామయ్య తల వంచుకుని మిషను తొక్కడం మొదలుపెట్టాడు. సూదిలో దారం లేదన్న సంగతి కోడలు చూసింది గానీ, ఉడుకుమోతుతనంలో అలాగే మెట్లెక్కి పోయింది.

అంత మాటన్నాక ఎవరైనా తగ్గుతారు. మామయ్య ఇంకా రెచ్చిపోయాడు. జనం కొట్లోకి వచ్చేదాకా కూడా ఆగకుండా గుమ్మంలోకే ఎదురెళ్ళి చేతులు చాచాడు. ఆ ఆదివారం ముల్లు డెబ్బై తొమ్మిది దాటింది. "తొమ్మిది" అన్నాడు కొడుకు. గుండీనెత్తుకున్న మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. కోడలు ఆయన వైపు చూడలేదు.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, ఇంక ఆలస్యం చేయొద్దు, రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా పొద్దున్నే తీసుకురమ్మంది. కొడుకు సెలవు పెట్టాడు. నలుగురూ బయల్దేరారు, జోలెలో గుండీ. ఆసుపత్రి బెంచీ మీద పక్కనే ఒకావిడ పిల్లిని బుట్టలో పెట్టుకుని, కాగితం విప్పి కేకు తింటోంది. అత్తయ్య భర్త వైపు చూసింది. ఆయన ఆ కేకుని చూడలేదు. "ఒంట్లో బాగా లేదాండీ?" అని నుదురు పట్టుకు చూసింది. ఆయన చేతులు జోలె చుట్టూ బిగించుకుని కూర్చున్నాడు.

పిలుపు వచ్చింది. డాక్టరమ్మ గుండీని బల్ల మీది చిన్న తూకం మిషనులో పెట్టింది. చూసింది. మళ్ళీ పెట్టింది. "తొమ్మిది కిలోలన్నారు కదా?"

"అవునండీ" అన్నాడు కొడుకు, తప్పు తనదే అయినట్టు.

"ఇది ఐదుంది. ఐదు మీద ఒక పిసరు."

నలుగురూ మిషను మీద పడ్డారు. నిజంగానే ఐదు. డాక్టరమ్మ బొచ్చు పక్కకి తోసి ఎముకలు తడిమింది, మోకాలు మడిచి చూసింది, తల ఊపింది. "చక్కగా తగ్గింది. మోకాలు కూడా నయమే. ఇంతకీ ఇంట్లో ఎలా తూచారు?"

కొడుకు తమ పద్ధతి వివరించాడు. డాక్టరమ్మ పెదవి కొరుక్కుని, గది మూల నేల మీదున్న పెద్ద కుక్కల తూకం మిషను చూపించింది. "మీరొకసారి అది ఎక్కండి."

"నేనా? నాదేముంది, డెబ్బై" అన్నాడు మామయ్య.

"ఎక్కండి."

ఎక్కాడు. డెబ్బై నాలుగు. మిషను పాడైందన్నాడు. చెప్పులు విప్పి ఎక్కాడు, డెబ్బై నాలుగు. మెళ్ళోంచి కొలత టేపు తీసి కొడుక్కిచ్చాడు, జేబులోంచి కత్తెర తీసి భార్యకిచ్చాడు, కళ్ళజోడు కోడలికిచ్చాడు. ముల్లు వాటిలో దేన్నీ పట్టించుకోలేదు.

"ప్యాంట్లన్నీ నడుం దగ్గర వదులు చేసుకుంటుంటే అడిగాను" అంది అత్తయ్య. "గుడ్డ ఉతికితే కుదించుకుపోతోందన్నారు. ముప్పై ఏళ్ళు గుడ్డలు కోసిన మనిషి చెబుతుంటే నమ్మాను."

"అసలేం తింటున్నారండీ ఈయన?" అంది డాక్టరమ్మ.

ఆ ఒక్క ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు అత్తయ్య మొదలుపెట్టింది. "ఏం తినడం లేదో అడగండి. పాపం మూగది చూస్తోంది కదా అని ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్కటే, దానికి పెడదామని తీస్తే, వెనక నుంచి వచ్చి లాక్కుని మింగేస్తారు."

"ఒక్క ముక్క నువ్వు పెడుతున్నావా?" అన్నాడు కొడుకు. "నేను బ్రెడ్డు అంచులు తీసిస్తే అవీ అంతే, నాన్న లాగేసుకుంటాడు." అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"బేకరీ ఆవిడ బన్నూ, ఆ తాతగారి బిస్కెట్టూ" అని అత్తయ్య కొనసాగించబోయి, నెమ్మదిగా ఆగిపోయింది.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "అంటే ఇంటిల్లిపాదీ, వీధి వీధంతా దీనికి పెడుతూనే ఉన్నారన్నమాట. ఇది నోరు తెరిచేలోపు ఈయన తెరిచాడు."

కోడలికి తన వేళ్ళు గుర్తొచ్చాయి. రోజూ పొద్దున్నే, ఒక్క ముక్కకి ఏమవుతుందిలే అనుకుని, బల్ల కిందికి దించబోతున్న గుడ్డు ముక్క. శాసనాలు పెట్టిన మనిషి తనే, పొద్దున్నే మొదట తప్పిన మనిషీ తనే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఎవరూ పెట్టొద్దని మీరు ఒక్క మాట చెబితే పోయేది కదా మామయ్యా" అంది.

"ఎవరికి చెప్పమంటావమ్మా?" మామయ్య మిషను దిగి చెప్పులు వెతుక్కున్నాడు. "ఆ ముసలాయన అంత దూరం నడిచి వచ్చేది ఆ ఒక్క బిస్కెట్టు పెట్టుకోవడానికే. వద్దంటే రేపట్నుంచి రాడు. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తాడు. పెట్టే చేతిని వద్దంటే అది ముడుచుకుపోతుంది. నేను తిండిపోతునని వీధందరికీ ఎటూ తెలుసు. ఇంకో నాలుగు తిట్లు ఎక్కువ తింటే పోయేదేముంది?"

"నేనడిగిన రోజైనా నాతో చెప్పచ్చుగా?"

"చెబితే నీ గుడ్డు సంగతి కూడా చెప్పాలి. ముక్క పట్టుకుని నువ్వు దాని వైపు చూసే చూపు చూశాక ఎలా చెప్పను?" చెప్పులు దొరికాయి, తొడుక్కున్నాడు. "అయినా బరువు పెరిగిపోతోందిగా. నా కాపలా దాటి ఎవరో పెడుతున్నారు, నాదే తప్పు అనుకున్నాను. అందుకే ఇంకొంచెం గట్టిగా తిన్నాను."

కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఆయన కళ్ళజోడు ఇంకా తన చేతిలోనే ఉంటే, చీర కొంగుతో శుభ్రంగా తుడిచి ఆయన ముక్కు మీద తనే పెట్టింది. "తప్పయింది మామయ్యా" అంది. "దానికేముందిలే" అన్నాడాయన, మొహమాటంగా గోడ మీది పశువుల బొమ్మలు చూస్తూ.

ఆపరేషన్ లేదని చెప్పేసింది డాక్టరమ్మ. కానీ మామయ్య గుమ్మం దాటుతూ మోకాలి మీద చెయ్యి ఆనించడం ఆమె కంట పడనే పడింది. "మెట్లెక్కుతుంటే నొప్పా? మనుషుల డాక్టరుకి చూపించండి. ఆయన కొత్తగా చెప్పేదేమీ ఉండదు లెండి. బరువు తగ్గాలి, మెట్లు తగ్గించాలి, ఎత్తు మీద నుంచి దూకకూడదు" అంది.

మర్నాడు కోడలు సెలవు పెట్టి కొట్లోనే కూర్చుంది. ఇప్పుడు తిండి కట్టడి ఇద్దరికి. గుండీ నేల మీద గుడ్డ ముక్కల పరుపు మీద, మామయ్య మిషను ముందు, ఇద్దరూ ఒకే రకంగా నీరసంగా చూస్తున్నారు. పదవుతుండగా బేకరీ పిన్ని బన్నుతో గుమ్మంలోకి వచ్చింది. గుండీ లేచింది. మామయ్య చెయ్యి దానంతటదే కదిలింది. ఆయన ఆ చేతిని ఒళ్ళోకి లాక్కుని, కోడలి వైపు దిక్కులేనట్టు చూశాడు. పిన్ని మొహం అప్పుడే కొంచెం చిన్నబోతోంది.

కోడలు కడుపునిండా తిని ఉంది. అయినా లేచి చెయ్యి చాచింది.

"ఇటివ్వండి పిన్నీ. సగం కాదు, మొత్తం."

పిన్ని విస్తుపోయి, బన్ను ఇచ్చేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాగుంది వరస. మామా కోడళ్ళని ఒకే గుడ్డలో కత్తిరించినట్టున్నారు" అని మురిపెంగా తిట్టుకుంటూ పోయింది. కోడలు రెండో ముద్ద మింగుతుంటే వీధి మలుపులో కర్ర చప్పుడు వినిపించింది. తాతగారి చెయ్యి అప్పుడే బిస్కెట్టు కోసం చొక్కా జేబులోకి పోతోంది. ఆమె గొంతులో బన్ను ఆగిపోయింది.

"మామయ్యా, అది ఎలా ఉంటుంది?" అంది మెల్లగా.

మామయ్య మంచినీళ్ళ చెంబు ఆమె వైపు జరిపాడు.

"నమలకమ్మా. గుటుక్కున మింగెయ్."